రోలు వేడి, గాలి వేడి: ఉపగ్రహం కొలిచేదేమిటి?

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. ఆ మాట గాలి సంగతి చెప్పదు, పెరట్లో పొద్దుటి నుంచి ఎండకు కాగిన రాతి సంగతి చెబుతుంది. మే నెలాఖరున మిట్టమధ్యాహ్నం బెజవాడ వన్‌టౌన్‌లో చెప్పుల్లేకుండా డాబా ఎక్కితే ఆ రెంటికీ తేడా ఏమిటో అరికాలికే తెలుస్తుంది. గాలి 43 డిగ్రీలున్న రోజున గచ్చు 55 దాటి ఉండటం వింతేమీ కాదు.

ఎండాకాలంలో ఫోన్లలో తిరిగే ఎర్రెర్రని శాటిలైట్ మ్యాపుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఈ తేడా ఎవరికీ గుర్తుండదు. 2022 ఏప్రిల్ చివర్లో యూరప్ అంతరిక్ష సంస్థకు చెందిన సెంటినెల్-3 తీసిన మ్యాపులో అహ్మదాబాద్ చుట్టుపక్కల నేల ఉష్ణోగ్రత 60 డిగ్రీలు దాటింది. చాలామంది దాన్ని గాలి ఉష్ణోగ్రతగానే చదివారు. ఇది నేల వేడి మాత్రమేనని ఆ సంస్థ పక్కనే రాసినా, బొమ్మ తిరిగినంత వేగంగా వివరణ తిరగదు కదా.

వాతావరణ శాఖ చెప్పే అంకె వేరే చోటి నుంచి వస్తుంది. గన్నవరంలోనైనా, ఎండలకు పేరుపడ్డ రెంటచింతల ప్రాంతంలోని జంగమహేశ్వరపురంలోనైనా థర్మామీటరును ఎండలో పెట్టరు. తెల్లరంగు వేసి, చుట్టూ గాలి ఆడే సందులున్న చెక్కపెట్టెలో, మనిషి ఛాతీ ఎత్తున, నీడలో ఉంచుతారు. అది కొలిచేది మనం పీల్చే గాలిని. ఉపగ్రహం పైనుంచి చూసేది రోలును, రోడ్డును, రేకుల కప్పును, చెట్టుంటే దాని ఆకుల పైభాగాన్ని.

అసలు చూడటం అనే మాట కూడా ఇక్కడ జాగ్రత్తగా వాడాలి. ఏ ఉపగ్రహమూ ఉష్ణోగ్రతను నేరుగా కొలవదు. వర్షాన్ని, సముద్ర మట్టాన్ని, పచ్చదనాన్ని కూడా నేరుగా కొలవదు. దానికి అందేది కిరణాలే: నేల నుంచి, మేఘం నుంచి, నీటి నుంచి వెలువడినవో, తిరిగొచ్చినవో. మిగతాదంతా కింద కంప్యూటర్లలో జరిగే లెక్క. మన ఇన్సాట్-3డీఆర్ (2016), 3డీఎస్ (2024) దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున, భూమితో పాటే తిరుగుతూ, ఎప్పుడూ ఇటే చూస్తుంటాయి. ఒక్కోటి అరగంటకో బొమ్మ పంపుతుంది. వాటిలో నేల వేడిని పట్టే పరారుణ కిరణాల చానళ్ళు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి చాలదా అంటే చాలదు. నేలకూ ఉపగ్రహానికీ మధ్య ఉన్న తేమ ఆ కిరణాల్లో కొంత మింగేస్తుంది, ఒక చానల్లో తక్కువ, రెండోదాంట్లో కాస్త ఎక్కువ. రెంటి తేడాను బట్టి తేమ ఎంత మింగిందో లెక్కగట్టి, దాన్ని తిరిగి కలుపుతారు. బంగాళాఖాతం గాలి ఉక్కపోతతో నిండి ఉండే కృష్ణా తీరంలో ఈ సవరణ చిన్నదేమీ కాదు. పైగా ఆ బొమ్మలో ఒక చుక్క అంటే నాలుగు కిలోమీటర్ల పొడవు, నాలుగు కిలోమీటర్ల వెడల్పు. బెంజ్ సర్కిలూ, పటమటా, కృష్ణలో కొంత నీరూ ఒకే చుక్కలో ఇమిడిపోవచ్చు. అది చెప్పే ఉష్ణోగ్రత వీటన్నిటి కలగాపులగం.

ఇంకా దగ్గరగా చూడాలంటే అమెరికావాళ్ళ లాండ్‌శాట్ ఉంది. లాండ్‌శాట్-8 వేడిని పట్టే చుక్క 100 మీటర్లు. అందులో నగరం కొంత విడివడి కనిపిస్తుంది. కృష్ణ నీలంగా, ప్రకాశం బ్యారేజీ దిగువన ఇసుక మేటలు ఎర్రగా వస్తాయి. బందరు, ఏలూరు, రైవస్ కాలువలు ఊరి మధ్య నుంచే పోతున్నా, వాటి వెడల్పు ఆ చుక్కకు చాలదు కాబట్టి పక్క రోడ్ల వేడిలో కలిసిపోతాయి. ఇక్కడ చాలామంది ఊహించని సంగతి ఒకటుంది. మే నెల పగటిపూట ఇలాంటి బొమ్మల్లో ఊరికంటే ఊరి బయటి పొలాలే ఎక్కువ వేడిగా కనిపించడం మామూలే. మినుము తీసేశాక తెనాలి వైపు నల్లరేగడి బీడుగా, తడి లేకుండా ఎండకు పరుచుకుని ఉంటుంది. ఊళ్ళో ఎంతో కొంత నీడ, చెట్టూ, నీరూ ఉంటాయి. భారతదేశంలోని చాలా నగరాల మీద జరిగిన పరిశోధనల్లో వేసవి పగళ్ళలో ఇదే కనబడింది. ఊరు తన పగ తీర్చుకునేది రాత్రిపూట. పొలం త్వరగా చల్లారుతుంది, కాంక్రీటు తెల్లవారేదాకా వేడి కక్కుతూనే ఉంటుంది. ఉదయం పదిన్నర ప్రాంతంలో మన మీదుగా పోయే లాండ్‌శాట్ బొమ్మ ఒక్కటే చూసి కాంక్రీటు వల్ల ఊరు వేడెక్కలేదని ఎవరైనా వాదిస్తే, వాళ్ళు బొమ్మను సరిగ్గానే చదివి గడియారాన్ని మరిచిపోయినట్టు.

గడియారం సంగతి చిన్నది కాదు. ఉపగ్రహ శాస్త్రంలో జరిగిన అతి పెద్ద గొడవల్లో ఒకటి దాని చుట్టూనే నడిచింది. అమెరికా వాతావరణ ఉపగ్రహాల్లో 1978 చివరి నుంచి మైక్రోవేవ్ పరికరాలున్నాయి. గాలిలోని ఆక్సిజన్ వెలువరించే మైక్రోవేవ్ కిరణాలను బట్టి కొన్ని కిలోమీటర్ల మందం ఉన్న గాలిపొర ఎంత వేడిగా ఉందో అవి చెప్పగలవు. 1990లో రాయ్ స్పెన్సర్, జాన్ క్రిస్టీ అనే ఇద్దరు ఆ రికార్డునంతా కలిపి లెక్కగట్టారు. ఆ పదేళ్ళలో పైగాలి పెద్దగా వేడెక్కలేదని తేలింది. ఆ తర్వాతి కొన్నేళ్ళ లెక్కల్లో కాస్త చల్లబడుతున్నట్టు కూడా వచ్చింది. నేల మీది థర్మామీటర్లేమో వేడెక్కుతోందంటున్నాయి. భూతాపం అబద్ధమనేవాళ్ళకు అది చేతికందిన ఆయుధమైంది.

తప్పు ఎక్కడుందో తేలడానికి పదిహేనేళ్ళు పట్టింది. 1998లో ఫ్రాంక్ వెంట్జ్, మాథియాస్ షాబెల్ మొదటి ముడి విప్పారు. ఉపగ్రహాలు పైనున్న పలచటి గాలి రాపిడికి కొంచెం కొంచెంగా కిందికి దిగుతున్నాయి. ఎత్తు తగ్గితే చూసే కోణం మారుతుంది, లెక్కలో లేని చల్లదనం వచ్చి చేరుతుంది. రెండో ముడిని 2005లో కార్ల్ మియర్స్, వెంట్జ్ విప్పారు. మధ్యాహ్నం దాటాక వెళ్ళాల్సిన ఉపగ్రహం ఏళ్ళు గడిచేకొద్దీ కక్ష్య జరిగి సాయంత్రం వైపు పోతోంది. బెజవాడలో మే నెలలో ఒక ఏడు రెండు గంటలకు చూసి, నాలుగేళ్ళ తర్వాత నాలుగు గంటలకు చూసి, ఊరు చల్లబడిందని రాసుకుంటే ఎలా ఉంటుందో ఇదీ అలాంటిదే. ఈ జరుగుడును సరిచేయాలని స్పెన్సర్ బృందానికి ముందే తెలుసు, సవరణ కూడా చేశారు. కానీ కూడాల్సిన చోట తీసేశారు. తప్పును వాళ్ళూ ఒప్పుకుని సరిదిద్దాక పైగాలి కూడా వేడెక్కుతున్నట్టే తేలింది. ఎంత వేగంగా అన్న దానిమీద మాత్రం ఇప్పటికీ రెండు బృందాల అంకెలు పూర్తిగా కలవవు.

గుంటూరు మిర్చి యార్డులో కాటా గురించి తెలిసినవాళ్ళకు దీని మర్మం వెంటనే పట్టుబడుతుంది. కాటా ప్రతి టిక్కీకీ, అంటే మిర్చి బస్తాకీ, కిలో ఎక్కువే చూపిస్తోందనుకుందాం. రైతుకో, కొనేవాడికో నష్టమే, కానీ ఈ టిక్కీ ఆ టిక్కీ కంటే ఎంత బరువో మాత్రం సరిగ్గానే తెలుస్తుంది. అదే కాటా పొద్దున కిలో ఎక్కువ, మధ్యాహ్నం కిలో తక్కువ చూపిస్తే ఇక దేనికీ పనికిరాదు. శీతోష్ణస్థితి లెక్కలో మొదటి రకం తప్పును భరించొచ్చు, రెండో రకం తప్పు మొత్తం చెడగొడుతుంది. (తెలుగులో రేపటి వానకూ, ముప్పై ఏళ్ళ ఎండలకూ, మన చుట్టూ ఉన్న గాలికీ కలిపి వాతావరణం అనే ఒక్క మాటే వాడేస్తాం. ముప్పై ఏళ్ళ తీరును చెప్పే శీతోష్ణస్థితి అన్న బడి పుస్తకాల మాట నోటికి బరువే గానీ, ఇలాంటి చోట అదే కావాలి.)

భూమికి వచ్చే వేడికీ, పోయే వేడికీ మధ్య ఉపగ్రహాల మీద నుంచి జమాఖర్చులు రాసే సెరీస్ పరికరాల కథ కూడా ఇంతే. సూర్యుడి నుంచి భూమి మొత్తానికి సగటున చదరపు మీటరుకు 340 వాట్లు వస్తాయి. అందులో కొంత అద్దం మీద పడి తిరిగొచ్చినట్టు పైకి పోతుంది, మిగతాది వేడిగా మారి పోతుంది. లోపలే మిగిలిపోతున్నది సుమారు ఒక్క వాటు. ఆ ఒక్క వాటే భూతాపం. 340లో ఒకటి తేల్చేంత కచ్చితత్వం ఆ పరికరాలకు లేదు, వాటి సొంత తప్పే అంతకంటే ఎక్కువ. అందుకని సముద్రాల్లో తేలుతూ, రెండు కిలోమీటర్ల లోతుకు మునిగి లేచే దాదాపు 4,000 ఆర్గో బోయాలు కొలిచిన నీటి వేడితో సరిచూసి కాటాను సున్నా దగ్గర నిలబెడతారు. మన వాటా బోయాల పని చూసేది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్. ఒకసారి సున్నా కుదిరాక ఏటేటా మార్పు పట్టడంలో ఉపగ్రహానికి సాటి లేదు. 2005, 2019 మధ్య ఆ మిగులు దాదాపు రెట్టింపైందని ఉపగ్రహమూ, బోయాలూ విడివిడిగా చెప్పాయి. రెండూ వేర్వేరు వస్తువుల్ని కొలిచి ఒకే మాట చెప్పాయి కాబట్టే దానికంత విలువ.

ఇక నీళ్ళ సంగతి. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో కురిసిన వానకు బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట మునిగాయి. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయింది. అంతకు ముందెన్నడూ అంత పోలేదు. అలాంటి రోజున మామూలు కెమెరా ఉన్న ఉపగ్రహం పైనుంచి వెళితే దానికి కనబడేది తెల్లటి మబ్బే. వరద ఉన్నంతసేపూ మబ్బు ఉంటుంది, మబ్బు పోయేసరికి వరద తీస్తుంది. ఈ చిక్కును రాడార్ ఉపగ్రహాలు తప్పిస్తాయి. మన ఈఓఎస్-04, యూరప్‌వాళ్ళ సెంటినెల్-1 సుమారు ఐదారు సెంటీమీటర్ల పొడవున్న తరంగాలను తామే కిందికి పంపి, తిరిగొచ్చినదాన్ని పట్టుకుంటాయి. వాటికి మబ్బూ, రాత్రీ అడ్డు రావు. నిలిచిన నీరు అద్దంలా ఉంటుంది కాబట్టి తరంగాన్ని అవతలి వైపుకు జార్చేస్తుంది, తిరిగి ఏమీ రాదు. బొమ్మలో నీరు నల్లగా పడుతుంది. హైదరాబాద్‌లోని జాతీయ దూర సంవేదన కేంద్రం వరదలప్పుడు ఇచ్చే మ్యాపులకు ఆధారం ఇదే.

పొలాల మీద ఈ పద్ధతి చక్కగా పనిచేస్తుంది. కొల్లేరు వైపు మునిగిన చేలను అది ఇట్టే గీసి చూపిస్తుంది. సింగ్‌నగర్ లాంటి చోట చిక్కు. ఇరుకు సందులో నిలిచిన నీటి మీద పడ్డ తరంగం పక్కింటి గోడకు కొట్టుకుని నేరుగా ఉపగ్రహం వైపే తిరిగి వస్తుంది. నల్లగా పడాల్సిన చోట తెల్లగా మెరుస్తుంది. లెక్క తెలియని కంప్యూటరు దాన్ని పొడి నేలగా రాసుకుంటుంది. అంటే జనం ఎక్కువగా చిక్కుకుపోయిన చోటే మ్యాపు తక్కువ వరద చూపించే ప్రమాదముంది. వరదకు ముందు తీసిన బొమ్మతో పోల్చి, మెరుపు పెరిగిన చోట్లను కూడా నీరుగా గుర్తించే పద్ధతులు వచ్చాయి గానీ, అవి ఇంకా అంత నమ్మకంగా లేవు. మరో ఇబ్బంది, ఉపగ్రహం రావాల్సిన రోజున వస్తుంది తప్ప వరద వచ్చిన రోజున రాదు. సెంటినెల్-1 ఒక్కటే అయితే ఒకే దారిలో మళ్ళీ రావడానికి 12 రోజులు. సింగ్‌నగర్‌లో నీరు రోజుల తరబడి కదలకుండా నిలిచిపోవడం జనానికి నరకమైనా, ఉపగ్రహాలకు దొరకడానికి మాత్రం అదే కారణం. గంటల్లో వచ్చి గంటల్లో పోయే వరద చాలాసార్లు ఏ బొమ్మలోనూ పడదు.

అంతా అయ్యాక అందరూ అడిగే ప్రశ్న ఒకటే. ఇది వాతావరణ మార్పు వల్లేనా? ఒక్క వరద బొమ్మ దానికి జవాబు చెప్పదు. వానను అంతరిక్షం నుంచి రాడార్‌తో కొలవడం 1997 నవంబరులో ఎగిరిన టీఆర్‌ఎమ్‌ఎమ్‌తో మొదలైంది. దాని వారసుడు జీపీఎమ్ 2014 నుంచి పని చేస్తోంది. వందేళ్ళకోసారి వచ్చే వాన ఎంత తరచుగా వస్తోందో తేల్చడానికి ఆ రికార్డు చాలదు. అందుకు ఊరూరా ఉన్న వానమాపకాలే దిక్కు. వాతావరణ శాఖ పుట్టింది 1875లో. దాని చేతిలో వందేళ్ళకు పైబడిన వాన లెక్కలున్నాయి. ఉపగ్రహం తోడ్పడే చోటు వేరే. గాలి ఒక్కో డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకోగలదని భౌతికశాస్త్రం చెబుతుంది, సముద్రాల మీద గాలిలో తేమ పెరుగుతున్నట్టు మైక్రోవేవ్ పరికరాలు చూపిస్తున్నాయి. బుడమేరు కాలువ ఎందుకు తెగిందో, దాని దారిలో ఎన్ని ఇళ్ళు లేచాయో ఆ 7 శాతం చెప్పదు. ఆ రెండో సంగతికి మళ్ళీ ఉపగ్రహమే సాక్షి. లాండ్‌శాట్ బొమ్మలు 1972 నుంచి ఉన్నాయి, 2008 నుంచి వాటిని ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. బుడమేరు చివరికి కలిసే కొల్లేరులో చేపల చెరువులు ఏ దశాబ్దంలో ఎంత మింగాయో వాటిలో వరసగా చూడొచ్చు. ఎవరూ కాదనలేని బొమ్మలవి, కాబట్టే ఎవరూ పెద్దగా ప్రస్తావించరేమో.

సముద్రం వైపు చూస్తే ఉపగ్రహం విలువ ఇంకా సూటిగా తెలుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు ఈ తీరాన్ని ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండే సొంత ఉపగ్రహం మనకు లేదు. వేలమంది పోయారు. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటేసరికి రోజుల ముందు నుంచే దాని దారి తెలుసు. ఇది రేపటి సంగతి, శీతోష్ణస్థితి కాదు. కానీ రెంటికీ వాడే పరికరాలు చాలావరకు ఒకటే. సముద్రపు పైనీరు 26.5 డిగ్రీల కంటే వేడిగా ఉంటేనే సాధారణంగా తుపానుకు బలం వస్తుంది. ఉపగ్రహం ఆ వేడిని చూడగలదు, అదీ చర్మం మందాన మాత్రమే. కింద వేడి నీరు ఎంత లోతుందో తెలియాలంటే ఎత్తు కొలవాలి, ఎందుకంటే వేడెక్కిన నీరు ఉబ్బుతుంది. ఆల్టిమీటర్ ఉపగ్రహాలు 1992 నుంచి ఆ ఎత్తును కొలుస్తున్నాయి. 1,300 కిలోమీటర్లకు పైబడిన ఎత్తు నుంచి సెంటీమీటర్ల తేడా పట్టడమంటే మాటలు కాదు. ప్రపంచ సగటు సముద్ర మట్టం 1993 నుంచి ఇప్పటికి సుమారు 10 సెంటీమీటర్లు పెరిగింది, పెరిగే వేగం కూడా పెరిగింది.

హంసలదీవిలో నిలబడ్డవాళ్ళకు ఆ 10 సెంటీమీటర్లు పూర్తి లెక్క కాదు. ఉపగ్రహం సముద్రాన్ని భూమి కేంద్రం నుంచి కొలుస్తుంది. తీరంలో మనిషికి కావాల్సింది తన కాళ్ళ కింది నేల నుంచి సముద్రం ఎంత పైకొచ్చిందన్నది. డెల్టా నేలలు వాటంతటవే కొంచెం కొంచెం కుంగుతాయి. ఇదివరకు కృష్ణ తెచ్చే ఒండ్రు ఆ లోటు పూడ్చేది. శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాల్లో ఇప్పుడది చాలావరకు ఆగిపోతోంది.

భూగర్భ జలాల విషయంలో ఉపగ్రహాల నుంచి గుంటూరు, పల్నాడు జిల్లాల రైతులు ఎక్కువ ఆశించకూడదు. ఒకదాని వెనక ఒకటి 220 కిలోమీటర్ల దూరంలో తిరిగే గ్రేస్ జంట ఉపగ్రహాలు భూమి ఆకర్షణలో మార్పును బట్టి కింది నీటిని తూచాయి. 2002, 2008 మధ్య రాజస్థాన్, పంజాబ్, హర్యానాల కింద 109 ఘన కిలోమీటర్ల నీరు పోయిందని తేల్చింది అవే. కానీ వాటి చూపు వందల కిలోమీటర్ల మేర. నరసరావుపేటలో బోరు ఎందుకు ఎండిందో వాటికి తెలియదు.

ఈ రికార్డులన్నిటికీ ఉన్న బలహీనత ఒకటే: ఉపగ్రహం ఐదేళ్ళో, పదిహేనేళ్ళో బతుకుతుంది, శీతోష్ణస్థితి చెప్పాలంటే కనీసం 30 ఏళ్ళ లెక్క కావాలి. అందుకే సముద్ర మట్టం కొలిచేవాళ్ళు పాత ఉపగ్రహం బతికుండగానే కొత్తదాన్ని అదే దారిలో, దాని వెనకే, కొన్ని నెలలు నడిపిస్తారు. టోపెక్స్ నుంచి మూడు జేసన్‌ల మీదుగా 2020లో ఎగిరిన సెంటినెల్-6 దాకా అలాగే అందించుకుంటూ వచ్చారు. మన దగ్గర ఆ పద్ధతి ఇంకా గట్టిపడలేదు. సముద్రం మీది గాలిని కొలిచే ఓషన్‌శాట్-2 స్కాటెరోమీటర్ 2014లో ఆగిపోయింది, దాని స్థానంలో స్కాట్‌శాట్-1 ఎగిరింది 2016 సెప్టెంబరులో. తుపాను సూచనకు ఆ మధ్యకాలంలో వేరే దేశాల సమాచారంతో పని జరిగిపోతుంది. ముప్పై ఏళ్ళ లెక్కలో మాత్రం ఆ ఖాళీ ఎప్పటికీ ఖాళీయే. పాతదీ కొత్తదీ పక్కపక్కన నిలబడి ఒకే గాలిని కొలవలేదు కాబట్టి రెంటిలో ఏది ఎంత ఎక్కువ చూపిస్తోందో ఇక నేరుగా తేల్చలేం. కొత్త ప్రయోగాలకు వచ్చే చప్పట్లలో సగమైనా పాతవాటి కొనసాగింపుకు వస్తే ఇలా జరిగేది కాదు.

2025 జులై 30న శ్రీహరికోట నుంచి ఎగిరిన నైసార్ ముందున్న చిక్కు కూడా ఇదే. నాసా, ఇస్రో కలిసి కట్టిన ఈ రాడార్ 12 రోజులకోసారి అదే చోటికి వచ్చి, నేల సెంటీమీటరంత పైకో కిందికో జరిగినా పట్టగలదు. కృష్ణా డెల్టా ఎక్కడ ఎంత కుంగుతోందో ఊరి వారీగా చెప్పగల సత్తా దానికుంది. ఇస్రో దాని పని కాలాన్ని ఐదేళ్ళుగా పెట్టుకుంది. ఆలోగా అదే పద్ధతిలో చూసే మరొకటి పైకి వెళ్ళి కొన్నాళ్ళు దానితో కలిసి తిరిగితే, హంసలదీవి దగ్గర 2030లో వచ్చే అంకె, 2050లో వచ్చే అంకె ఒకే కాటా మీద తూచినవవుతాయి.